బాబు మియా పిడి చిరుతలు

మా ఖానాపూర్‌లో బాబు మియాకు తాళం రాదన్న సంగతి తెలియనివాడు ఒక్క బాబు మియానే. మిగతా ఊరందరికీ తెలుసు. నాకైతే ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆయన దుకాణానికీ నా మైక్ సెట్ దుకాణానికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆయన మేకు కొడుతుంటే వినాలి. ఒక దెబ్బ పడుతుంది, వెంటనే రెండోది పడుతుంది, మూడోది ఎప్పుడు పడుతుందో ఆ మేకుకే తెలియదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆ మూడో దెబ్బ కోసం నేను ఎదురుచూసిన రోజులున్నాయి.

నా పేరు పరశురాములు. పెళ్లిళ్లకు, సభలకు మైకులు కిరాయికిస్తాను. మా చిరుతల భజన బృందంలో డోలక్ వాయిస్తాను. నాకు కోపం ఎక్కువంటారు. ఉంటుంది మరి! డోలక్ వాయించేవాడు మెత్తగా ఉంటే ఆడేవాళ్లు తలా ఒక దిక్కుకు పోతారు.

బాబు మియాది ఖరాదు పని. అంటే కట్టెను యంత్రానికి బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా, నున్నగా తీయడం. ఊయల పుల్లలు, మంచం కోళ్లు, చపాతీ కర్రలు, బొంగరాలు చేస్తాడు. అయితే ఆయనకు పేరు తెచ్చినవి చిరుతలు. జానెడు పొడవు కట్టె పలకలు రెండు, వాటి చివర చిన్న ఇత్తడి బిళ్లలు. ఒకే చేతిలో పట్టుకుని ఆడిస్తే టకటకమంటూ ఘల్లుమంటాయి. కొన్నిచోట్ల వాటిని చిడతలంటారు, మా దిక్కు చిరుతలే. ఇటు ఆదిలాబాద్ నుంచి అటు హుజూరాబాద్ దాకా భజన వాళ్లు ఆయన దగ్గరే చేయించుకుంటారు. ఖర్మ ఏమిటంటే, అవి ఎవరి చేతిలోనైనా పలుకుతాయి, చేసినాయన చేతిలో మాత్రం పలకవు.

చిరుతల భజన కూర్చుని చేసేది కాదు. పదిపన్నెండు మంది గుండ్రంగా నిలబడి పాడుతూ, అడుగు వేస్తూ, చిరుతలు కొడుతూ తిరగాలి. చాలా ఏళ్ల కింద మా గురువు హనుమండ్లు జాలిపడి బాబు మియాను కూడా ఆటలో నిలబెట్టాడు. ఆయన తప్పు కొట్టాడు. తప్పు కొట్టడం పెద్ద సంగతేం కాదు, అందరం ఎప్పుడో ఒకప్పుడు కొట్టినవాళ్లమే. కానీ ఈయన ఎంత ధైర్యంగా కొట్టాడంటే, అటూ ఇటూ ఉన్నవాళ్లకు తామే తప్పేమోనని అనుమానం వచ్చింది. వాళ్లు ఈయన్ను చూసి మార్చుకున్నారు. వాళ్లను చూసి వాళ్ల పక్కవాళ్లు మార్చుకున్నారు. పాట సగం కాకముందే సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరిగారు. వెనక్కి నడుస్తూ నడుస్తూ మా లచ్చయ్య పోయి ప్రసాదం గంగాళంలో కూర్చున్నాడు. పులిహోర అప్పుడే దించారు పాపం.

ఆ రోజు గురువు తీర్పు చెప్పేశాడు.

"బాబు మియా చేసిన చిరుతలు లోపట ఉండాలె. బాబు మియా బయట ఉండాలె."

ఇక అంతే. అప్పటినుంచి ప్రతి తొలి ఏకాదశికీ అంగడి మైదానంలో మేం ఆడుతుంటే, ఆయన నా మైకు డబ్బా పక్కన నిలబడి చూస్తాడు. కాళ్లు మాత్రం ఊరికే ఉండవు. ఆయనకు వేరే దిగుళ్లు లేవు. కొడుకు అవేజ్ దుబాయ్‌లో ఏసీలు బాగుచేస్తాడు, కూతురు నౌషీన్ ఆదిలాబాద్‌లో అత్తగారింట చల్లగా ఉంది. ఆ ఆటలో ఒక్కసారి నిలబడాలి, అంతకుమించి ఆయనకు ఏ కోరికా లేదు. ఏటా పండుగ ముందర ఉతికిన లాల్చీ వేసుకుని గురువు ఇంటికి పోయేవాడు.

"గురువా, గీ ఏడన్న?"

"గీ ఏడు గాదు బాబు మియా."

"మరి ఎన్నడు?"

"నీకు తాళం వచ్చిన్నాడు."

"వచ్చింది గదా!"

ఆయన నిజంగానే అలా అనుకునేవాడు. అదీ మా బాధ. తిరిగొచ్చి నా బల్ల మీద కూర్చుని, "గురువుకు చెవులు జర మందం ఐనట్టున్నయి తమ్మీ" అని నాకే చెప్పేవాడు. నేను పళ్లు నూరుకుంటూ చాయ్ తెప్పించేవాణ్ని.

నిరుడు ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మా దుకాణాల ముందు ఒక కారు ఆగింది. దిగినామె పేరు మమతారాణి. పుట్టిల్లు హుజూరాబాద్, ఉండేది హైదరాబాద్. అక్కడ ఆర్కెస్ట్రాలో వాయిస్తానంది. ఆర్కెస్ట్రా అంటే బాబు మియాకు తెలిసింది పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే బృందం. నాకూ అంతే, అబద్ధమెందుకు.

"పాత పాటలా బిడ్డా, కొత్తయా?" అని అడిగాడు.

"పాటలు ఉండయి చాచా. గుంపుకు గుంపు కూసుని వాయిస్తం. వయొలిన్లు, బాకాలు, పెద్ద పెద్ద డోళ్లు. ఇంగ్లీషోళ్ల సంగీతం."

"నువ్వేం వాయిస్తవ్?"

"అందరు వాయించంగ మిగిలినయన్ని నేనే. డోలు, గంట, తాళాలు, గిది."

సంచిలోంచి ఒక వస్తువు తీసింది. ఒక పిడి, పిడి కొసన చిన్న పలక. ఆ పలకకు రెండు పక్కలా గుంట తీసిన కట్టె చిప్పలు లబ్బరు దారంతో కట్టి ఉన్నాయి. పిడి పట్టుకుని ఊపితే చిప్పలు పలకకు కొట్టుకుని టర్ర్‌ర్‌మంటాయి. కాస్టనెట్ అంటారట. స్పెయిన్ దేశం వాళ్లు పిడి లేకుండా, బొటనవేలికి దారం చుట్టుకుని ఆడుతూ వాయిస్తారట. ఈమె దాంట్లో ఒక చిప్ప పగిలింది. కొత్తవి కొంటే ప్లాస్టిక్ డబ్బా మోగినట్టు మోగుతున్నాయని, ఎవరో భజన వాళ్ల చేతిలో బాబు మియా చిరుతలు విని వెతుక్కుంటూ వచ్చింది.

"పిడి ఎందుకు మరి? ఏలుకు కట్టుకోరాదా?" అన్నాను నేను.

"నాకు గంత తీరిక ఏడిది అన్నా? గంట కొట్టి పక్కకు పెట్టాలె, గిది అందుకోవాలె, ఊపాలె, మళ్ల డోలు దగ్గరికి ఉరకాలె."

బాబు మియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గివి చిరుతలే. పిడి పెట్టిన చిరుతలు" అని పేరు ఖాయం చేసేశాడు. "ఎంతసేపు వాయిస్తవ్ బిడ్డా గిది?"

"మస్తు తక్కువ. మిగతా అంతసేపు సప్పుడు చెయ్యకుండ కూసునుడే."

"కూసునుడా? మరి ఎప్పుడు కొట్టాల్నో ఎట్ల ఎరుక?"

"ముందట ఒకాయన చిన్న కట్టె పట్టుకుని నిలవడుతడు. కండక్టర్ అంటరు."

"టికెట్లు కొడ్తడా?" అన్నాను. ఆమె నవ్వింది.

"ఆయన మా దిక్కు చూసి చెయ్యి చూపిస్తడు. గప్పుడు కొట్టాలె."

బాబు మియా పీట మీంచి లేచి నిలబడ్డాడు. "అంటే తాళం ఆయన చూసుకుంటడు. నువ్వు ఆయన్ను చూసుకుంట కూసుంటవ్. గంతేనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "గట్లనే అనుకో చాచా" అంది. లెక్క మాకూ ఉంటుందని ఆమె ఇంకేదో చెప్పబోయింది గానీ, ఈయన వింటేగా! నా వైపు తిరిగి, "పర్శరాములు, విన్నవా? గిసోంటి సంగీతం గూడ ఉన్నదట దునియాల!" అన్నాడు. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. రెండు జతలు కావాలంది ఆమె, ఒకటి సన్నటి గొంతుది, ఒకటి బొంగురు గొంతుది. బాబు మియా సన్నదాన్ని ఆడది అన్నాడు, బొంగురుదాన్ని మొగది అన్నాడు. టేకుతో చేస్తే గొంతు లేవలేదు. తుమ్మతో చేస్తే మరీ కీచుమంది. చేయడం, ఊపడం, ఛీ అనడం, పొయ్యిలో పడేయడం. పొద్దస్తమానం గోడ అవతల టర్ర్, టర్ర్‌ర్, ట... టర్ర్. ఒక్కసారైనా సమంగా రాదే! నా దుకాణానికి మైకు తీసుకోవడానికి వచ్చినవాళ్లు, "లోపట ఎవలకన్న ఫిట్స్ వచ్చినయా?" అని అడిగేవాళ్లు.

తరువాత ఒకనాడు గొంతు మారింది. గుండ్రంగా, తడి ఉన్న గొంతు. నేను లేచి పోయి చూశాను. ఆయన చేతిలో నలుపు తిరిగిన ఊదా రంగు కట్టె, పాతది, గట్టిది. జిట్రేగి. ఆ కట్టె ఇప్పుడు ఎక్కడా దొరకదు, అడవిలో కొడితే కేసే.

"ఏడిదే గిది?"

"ఉండె" అని నవ్వాడు. నేను మళ్లీ అడగలేదు. అడగాల్సింది.

మమతారాణి కచేరి మర్నాడనగా రెండూ తయారయ్యాయి. ఆ మధ్యాహ్నం బస్సులో పంపితే తప్ప అందవు. నా ఖాళీ మైకు డబ్బా ఒకటి ఇచ్చి, నేనూ బస్టాండుకు వెంట పోయాను. సామాను తీసుకునే కిటికీ దగ్గర నిలబడి బాబు మియా మమతారాణికి ఫోన్ చేశాడు. దూరం ఎంత ఎక్కువైతే అంత గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. హైదరాబాద్ దూరమే కదా.

"ఆఁ బిడ్డా! రెండు చిరుతలు డబ్బల పెట్టిన! ఒకటి ఆడది, ఒకటి మొగది! ఆఁ, చిన్నయే, చేతుల పడుతయి! ఉత్తగనే నోరు తెరుస్తున్నయని లబ్బర్ తోని కట్టేసిన! ఒళ్లంత నూనె రాసిన! డబ్బకు తొర్రలు గొట్టిన, గాలాడాలె గదా! జర పైలం బిడ్డా, నడుమ ఏలు పెట్టకు, పట్టుకుంటది! నిన్న నా ఏలు పట్టింది, నెత్తురొచ్చింది!"

మా పక్కన గంగుబాయి అని ఒకామె మూట మీద కూర్చుని ఉంది. పెన్‌గంగ ఒడ్డున మహారాష్ట్రకు ఆనుకున్న ఊరు ఆమెది. ఆ ఊళ్లో భజన చిరుతలను చిపళ్యా అంటారు. చిరుత అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, టీవీలో చెప్పే చిరుత. దానికితోడు ముందు వారమే ఆమె మేకను చిరుత ఎత్తుకుపోయిందట. ఆమె డబ్బా వైపు చూసింది. తొర్రల వైపు చూసింది. బాబు మియా కట్టు కట్టిన వేలి వైపు చూసింది.

"అగ బాయీ! డబ్బాల బిబట్యా ఉన్నది! దోన్ బిబట్యా!"

ఆమె మూట వదిలేసి ఉరికింది. మరాఠీలో బిబట్యా అంటే చిరుతపులే, దోన్ అంటే రెండు. ఆ మాట బస్టాండులో సగం మందికి అర్థమైంది, మిగతా సగానికి వీళ్ల ఉరుకుడు అర్థమైంది. కిటికీలోని మనిషి కిటికీ మూసేశాడు. హైదరాబాద్ బస్సు డ్రైవరు, "పులులుంటే నేను బండి తియ్య" అని దిగిపోయాడు. బాబు మియా మాత్రం డబ్బాను చంకలో పెట్టుకుని, "ఏడున్నదే? ఏడున్నదే?" అంటూ అందరికంటే ముందు ఉరుకుతున్నాడు. ఆయన ఎటు ఉరికితే జనం అటునుంచి ఇటు ఉరుకుతున్నారు.

ఎవరు ఫోన్ చేశారో, అడవి ఆఫీసరు ఇద్దరు మనుషులను, ఒక వలను వెంటబెట్టుకుని వచ్చాడు. "డబ్బల ఏమున్నయి?" అని అడిగాడు.

"చిరుతలు సార్" అన్నాడు బాబు మియా.

"ఒప్పుకున్నడు! ఒప్పుకున్నడు!" అని జనం. నేను చెప్పబోతే ఎవరు వింటారు! నాకు మండిపోయింది. గుంజుకుని నేనే డబ్బా విప్పేశాను. అందరూ బస్సుల వెనక దాక్కున్నారు. లోపల పాత బనీను గుడ్డలో రెండు పిడి చిరుతలు మెరుస్తూ పడుకుని ఉన్నాయి.

ఆఫీసరు ముందు నవ్వాడు. తరువాత ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, గోరుతో గీశాడు, నవ్వడం ఆపేశాడు. "గిది జిట్రేగి. ఏడికెల్లి వచ్చింది? వాయించే సామానంటున్నవు. గిసోంటిది నేను ఎక్కడ చూడలే. దొంగకట్టెను ఏదో ఒక తీరుగ చెక్కి పంపేటోళ్లు మస్తుగున్నరు. వాయించేదైతే వాయించి చూపియ్యి."

"నేను వాయిస్త సార్" అని ముందుకు పోయాను.

"చేసినోడు వాయించాలె" అన్నాడు ఆఫీసరు. "ఆఁ, నేనే వాయిస్త" అన్నాడు బాబు మియా, పెళ్లికొడుకులా.

వాయించాడు. అయ్యో రామా! టర్ర్. ట. టర్ర్‌ర్ర్ర్. ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. ట. బస్సు వెనక ఒక పసిపిల్ల ఏడుపు ఎత్తుకుంది. ఆఫీసరు వలను చూశాడు, ఆకాశం చూశాడు. "గిది వాయించుడా?" అన్నాడు. బాబు మియాకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. చిరునవ్వుతో మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు.

అప్పుడొచ్చింది బాబు మియా భార్య షాహిదా వదినె, ఆటోలోంచి, చేతులకు పిండితో. మీ ఆయన పులులతో దొరికాడని ఎవరో చెప్పారట. సరిగ్గా అదే సమయానికి ఆఫీసరు రెండోసారి అడిగాడు, కట్టె ఎక్కడిదని. బాబు మియా ఆమెను చూడలేదు.

"దొంగకట్టె గాదు సార్. మా మామ పెండ్లిల పెట్టిన మంచం ఉన్నది. దాని కోడు ఒకటి కోసిన."

జనం తలలన్నీ ఆటో వైపు తిరిగాయి.

"క్యా జీ?" అంది వదినె. "మేరే అబ్బా కా పలంగ్?"

బాబు మియా వెనక్కి తిరిగాడు. రంగు పోయింది మనిషికి.

"గందుకేనా మంచం కింద ఇటుకలు పెట్టినవ్?" అని ఆమె వేలు చూపించింది, జవాబు చెప్పమని. ఈయన నోటికి బదులు చేతిలో ఉన్న చిరుతలు పలికాయి. టర్ర్‌ర్.

"చెదలు పట్టిందని నాతోని అంటివి!" వేలు. టర్ర్‌ర్.

"మొన్న పీట మాయమాయె!" టర్ర్‌ర్. "నిన్న పప్పుగుత్తి మాయమాయె!" టర్ర్‌ర్. "ఇగ నేను గూడ మాయమైత!" టర్ర్‌ర్ర్ర్!

నేను డోలక్ వాయించేవాణ్ని. చెవులు మోసం చేయవు నన్ను. మాట, వేలు, చిరుతలు. మాట, వేలు, చిరుతలు. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు! నాకు తెలియకుండానే నా చేతులు డబ్బా మీద తాళం అందుకున్నాయి. జనం బస్సుల వెనకనుంచి వచ్చి చప్పట్లు కలిపారు. వదినె తిడుతూనే ఉంది, ఈయన వాయిస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎక్కడ ఆగుతుందో, తాను ఎక్కడ పలకాలో ఆయన ఒంటికి పట్టేసింది. ఆయనకు తెలిసిన తాళం అదొక్కటే.

ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మా, నువ్వు సాక్ష్యం చెప్పినవ్, సామాను సాక్ష్యం చెప్పింది. పంపుకోండ్రి" అన్నాడు. బస్సు కదిలింది. గంగుబాయి మాత్రం ఆ బస్సు ఎక్కలేదు, తరువాతి దాంట్లో పోతానంది.

ఇదంతా చాయ్ కొట్టు దగ్గర నిలబడి మా గురువు హనుమండ్లు చూశాడు. నేను పక్కకు పోతే మెల్లగా అన్నాడు, "వీనికి తాళం ఉన్నదిర పర్శరాములు. కాని వీని దగ్గర లేదు, ఆ చెల్లె దగ్గర ఉన్నది."

నేను వెంటనే అందుకున్నాను. పిడి చిరుతలతో, వదినె వేలు చూపినప్పుడు మాత్రమే, చరణానికి ఒక్కసారి కొడితే? గురువు చాయ్ మొత్తం తాగి గ్లాసు దించాడు. "తప్పు కొడితె మాత్రం జన్మల మళ్ల అడగొద్దు" అన్నాడు చివరికి. ఆ మాట చెబితే బాబు మియా నన్ను ఎత్తుకుని తిప్పాడు. నా నడుము ఇప్పటికీ నొప్పే.

కానీ షాహిదా వదినె ఒప్పుకోవాలి కదా. మంచం సంగతి ఇంకా రగులుతూనే ఉంది. నేను పోయి గడపలో కూర్చున్నాను. "గంత మందిల నేను ఏలు చూపియ్యాల్నా? సిగ్గు లేదా మీకు?" అని నన్నూ వాయించింది. వాయించి వాయించి, పిండి పిసుకుతూ ఒక్కసారిగా నెమ్మదించింది.

"నీకు తెల్వదు పర్శరాములు. ఏటా గా పండుగ దినం ఇంటికొచ్చి అన్నం తినకుండ పంటడు. అడిగితె ఆకలి లేదంటడు. కోడి కూయకముందే మబ్బుల లేసి చూస్తె కండ్లు తెరిచే ఉంటడు."

మైకు డబ్బా పక్కన నిలబడి నవ్వే మనిషినే నేను చూశాను.

"కొత్త కోడు చెయ్యాలె. గట్లైతెనే వస్త" అంది ఆమె. ఆ మంచానికిప్పుడు మూడు నల్ల కోళ్లు, ఒక తెల్ల కోడు.

మిగిలిన జిట్రేగి ముక్కతో బాబు మియా తనకూ ఒక జత చేసుకున్నాడు. హైదరాబాద్ కచేరి బాగా జరిగిందని, "మీ ఆడది మస్తు పలికింది చాచా" అని మమతారాణి ఫోన్ చేసింది. ఆ ముక్క పక్కనుంచి విన్న వదినెకు సర్దిచెప్పేసరికి నాకు తాతలు దిగివచ్చారు. ఆపైన వాళ్ల వాకిట్లో సాధన. మొదట్లో ఆమె తిడితే తప్ప ఆయన చేయి లేచేది కాదు. "ఉత్త ఏలు చూపిస్తె నాకు తెలుస్తలేదు, జర తిట్టు" అని బతిమాలేవాడు. పూర్తి తిట్టు నుంచి సగం తిట్టుకు, సగం తిట్టు నుంచి కనుబొమకు, అక్కడినుంచి ఉత్త వేలికి దించేసరికి నా ఓపిక అయిపోయింది. కానీ దించాం.

తొలి ఏకాదశి వచ్చింది. పొద్దున్నే చిన్న జల్లు పడి ఆగింది. అంగడి మైదానంలో జనం. నా మైకు డబ్బా పక్కన, ఏళ్లతరబడి ఆయన నిలబడ్డ చోట, కుర్చీ వేసి షాహిదా వదినెను కూర్చోబెట్టాం. బాబు మియా తెల్ల లాల్చీ వేసుకుని, నెత్తిన టోపీ సర్దుకుని, లచ్చయ్యకూ మల్లేష్‌కూ మధ్య నిలబడ్డాడు. లచ్చయ్య ముందు జాగ్రత్తగా ప్రసాదం గంగాళం ఎక్కడుందో చూసుకున్నాడు.

గురువు పాట ఎత్తుకున్నాడు. నేను డోలక్ అందుకున్నాను. ఆట కదిలింది. బాబు మియా కూడా కదిలాడు, పిడి చిరుతలు గుండె దగ్గర ఎత్తి పట్టుకుని, చూపు వదినె మీదే పెట్టి. అడుగు కొంచెం అటూ ఇటూ పడుతోంది గానీ చేయి మాత్రం కదలడం లేదు. మొదటి చరణం అయిపోవచ్చింది. ఇప్పుడు వేలు లేవాలి.

లేవలేదు.

చూస్తే వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆటలో తిరుగుతున్న మొగుణ్ని చూస్తూ, వేలు సంగతే మరిచిపోయింది. బాబు మియా కొట్టలేదు. రెండో చరణం వచ్చింది. ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది, ఆయన ఇంకా చిరుతలు ఎత్తి పట్టుకునే తిరుగుతున్నాడు. పక్కవాళ్ల చేతుల్లో ఆయన చేసిన చిరుతలు టకటకమని మోగుతున్నాయి. ఆ చేయి ఎంత లాగుతోందో నాకు కనబడుతోంది, చెమటలు కారుతున్నాయి, పెదవి కొరుక్కుంటున్నాడు, అయినా కొట్టడు. కొట్టవయ్యా, తప్పైనా సరే ఒక్కసారి కొట్టు, నేను కలుపుకుంటాను అని నాలో నేను మొత్తుకుంటున్నాను. నా చెవి ఆ ఒక్క టర్ర్ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపులో నా చేయి జారింది.

డోలక్ తాళం తప్పింది. నేను! పరశురాముల్ని! లచ్చయ్య మల్లేష్ మీద పడ్డాడు, మల్లేష్ గురువు మీద పడ్డాడు, పాట ఆగిపోయింది. మైదానమంతా మూగబోయింది. గురువు నా వైపు చూసిన చూపుకు భూమిలోకి పోవాలనిపించింది.

ఆ చడీచప్పుడు లేని చోట షాహిదా వదినెకు తెలివి వచ్చింది. ఉలిక్కిపడి, కళ్లు తుడుచుకుని, వేలెత్తింది.

టర్ర్‌ర్‌ర్ర్ర్ర్!

ఒక్కటే. పొడుగ్గా, గుండ్రంగా, ఎక్కడా తొట్రుపడకుండా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆగింది. పక్కన తప్పు పట్టడానికి ఇంకో చప్పుడే లేదు. మైదానం మైదానమే చప్పట్లతో లేచింది. గురువు కూడా కొట్టాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఎందుకు దాచాలి.

మళ్లీ ఆట మొదలుపెట్టేముందు బాబు మియా వరుసలోంచి నా దగ్గరికి వచ్చాడు. నా భుజం మీద చేయి వేసి, ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. మొదట్ల అందరికి గిట్లనే ఐతది."